రాత్రి ఫొటోలో కారు ఏమైంది? వెలుగు గీత ఎలా వచ్చింది?

దీపావళి రాత్రి కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే వెలుగు చక్రం కనిపిస్తుంది కదా! అది రెప్పపాటులో చెరిగిపోతుంది. కెమెరా మాత్రం దాన్ని దాచుకోగలదు.

పగటి ఫొటోకి కెమెరా తలుపులాంటి షట్టర్ సెకనులో వందో వంతు తెరుచుకుంటే చాలు. రాత్రి రోడ్డు పక్కన దాన్ని 20 సెకన్లు తెరిచి ఉంచామనుకోండి. ఆ సేపంతా లోపలి సెన్సర్ తన మీద పడిన కాంతిని కూడబెట్టుకుంటూనే ఉంటుంది. కారు దీపం కదిలిన దారి పొడవునా కాస్త కాస్త వెలుగు పడి, అంతా కలిసి గీత అవుతుంది. ఎదురొచ్చే బండ్లకి తెల్ల గీతలు, వెళ్లిపోయేవాటికి ఎర్రవి. మరి కారు? చీకట్లో దాని ఒంటి మీద వెలుగు తక్కువ, పైగా ఒక్కచోటా ఆగలేదు. అందుకే ఆనవాలు మిగలదు. కదలని స్తంభాలు, భవనాలు చక్కగా పడతాయి.

1949లో ఫ్రాన్స్‌లో చిత్రకారుడు పికాసో చీకటిలో చిన్న దీపంతో బొమ్మలు గీస్తే, ఫొటోగ్రాఫర్ జాన్ మిలి ఇలాగే ఫొటోలు తీశాడు. ఎంత అందమైనవో!

మీరూ చేయొచ్చు. ఫోన్‌ని పుస్తకాల మధ్య కదలకుండా నిలబెట్టండి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 10 సెకన్లకు పెట్టి, దీపాలార్పి, కెమెరా వైపు టార్చి చూపిస్తూ మీ పేరు రాయండి. అక్షరాలు అద్దంలోలా తిరగబడి వస్తాయి, ఎందుకో మీరే చెప్పండి!