పందెపుకారునకు చమురు

అమెరికాదేశమున డ్రాగ్ రేసింగను నొక పందెము కలదు. రెండు కార్లు ప్రక్కప్రక్కల నిలిచి, దీపము పచ్చబడినతోడనే 1,320 అడుగుల తిన్ననిబాట నెవరు ముందు ముగింతురో చూచుటయే యా పందెము. ప్రో స్టాకు అను తరగతి బండ్లకు దీనికి పట్టుకాలము ఆఱున్నర సెకండ్లు. మనము గ్లాసెడు నీరు త్రాగులోపల పందెము ముగిసిపోవును! 2014వ సంవత్సరమున నీ తరగతిలో ఛాంపియనయిన తొలి స్త్రీ ఎరికా ఎండర్స్. ఆమె పేరు విన్నపిమ్మటనే మాకీ బండ్ల కడుపులో నేమున్నదో తెలిసికొన బుద్ధిపుట్టినది. ఆడువారికి యంత్రములగొడవ యేల యని కొందఱందురు. చమురుసంగతి మనకంటె నెవ్వరికి దెలియును?

సామాన్యపు కారులో ఇంజను క్రింద నొక తొట్టి యుండును. చమురంతయు నందే నిలుచును. పంపు దానిని పీల్చి, తిరుగు ఇరుసునకును, దానిని మోయు బేరింగులకును అందించును. ఇది వెట్ సంపు పద్ధతి, ఊరిబాటలకు చాలును. పందెపుకారు ఒక్కపెట్టున ముందునకు దుమికినపుడో, చమురు వెనుకగోడ కెగబ్రాకును. ఎద్దుబండి చివుక్కున కదలినపుడు బిందెలోని నీరు వెనుకకు తొణకుట మన మెఱుగనిదా? అంతట పంపునోటికి చమురునకు మారుగా గాలి చిక్కును. ఇరుసునకును బేరింగునకును నడుమ సందు వెండ్రుకవాసియే. అందు చమురుపొర తెగినచో లోహమును లోహము రాచుకొని కరగి పట్టుకొనును. ఒక్కొక్కప్పుడు ఇంజనే బ్రద్దలై, ఒలికిన చమురు వెనుకచక్రముల క్రిందికి వచ్చును. గంటకు రెండువందల మైళ్లకు మించిన వేగమున చక్రము జారినచో నడుపువారి ప్రాణమునకే ముప్పు.

దీనికి విఱుగుడు డ్రై సంపు. మన యిండ్లలో నేలసంపునుండి నీటిని మిద్దెమీది ట్యాంకునకు తోడి, అందుండి కుళాయిలకు విడుతుము గదా, ఇదియు నట్టిదే. ఇంజనుక్రింది తొట్టి లోతులేనిది. అందు చమురు నిలువదు. బెల్టుతో తిరుగు పంపును ఇంజను ప్రక్కను బిగింతురు. దానిలో పెక్కు అరలుండును. కొన్ని తొట్టిలోని చమురు నెప్పటికప్పుడు తోడి, వేఱుగానున్న ట్యాంకునకు చేర్చును. ఒకటి ట్యాంకు అడుగునుండి తీసి ఇంజనునకు పంపును. తోడు అరలే ఎక్కువగా నుండుటకు కారణము, వచ్చునది చమురొక్కటియే గాక నురుగును గాలియు గూడ నగుట. ట్యాంకు పొడవుగా, సన్నముగా నున్నచో నురుగు పైకి తేలి విఱిగిపోవును. చిక్కని చమురు అడుగునకు దిగును. మజ్జిగ చిలికినవారికి చెప్పనేల!

బిగించునపుడు పంపునకు చమురు తెచ్చు గొట్టము లావుగా నుండవలెను, మడతపడరాదు. కోసిన గొట్టములలో రబ్బరు నలుసులు మిగులును. కడుగక బిగించిన నవియే బేరింగులకు పోవును. మొదటిసారి ఇంజను నడుపుటకు ముందు బెల్టు తీసి, పంపును విడిగా త్రిప్పి, ముల్లు ఒత్తిడి చూపువఱకు చమురెక్కింపవలెను. ఇందు తొందరపడినవారు క్రొత్త బేరింగులను తొలినిమిషముననే పోగొట్టుకొందురు. ట్యాంకులో చమురుకొలత వేడెక్కిన ఇంజను నడుచుచుండగా చూడవలెను. ఆగిన పిమ్మట కొంత చమురు మెల్లగా ఇంజనులోనికి దిగును గనుక, చల్లారిన ఇంజనున కొలత తక్కువగా తోచును. అది నమ్మి మఱికొంత పోసినచో, బండి కదలినతోడనే ట్యాంకు పొంగి పైకి గ్రక్కును.