ధ్వని యెచ్చట నిలిచినది?

కడపటి మడికి నీరు రాకున్నచో తెలివిగల రైతు చెరువుకట్టను త్రవ్వబూనడు. తూము వద్దనుండి బయలుదేరి, కాలువ వెంబడి నడచి, నీరు ఎంతవరకు పారుచున్నదో చూచును. ఆగినచోట గండియో, గడ్డియో, మన్నో కనబడును. ఇంటిలోని రేడియోగాని, టెలివిజన్‌గాని మూగవోయినప్పుడు చేయదగిన పనియు నిదియే. ధ్వనికిని ఒక మార్గమున్నది. అది యెచ్చట నిలిచినదో కనుగొన్నచో సగము పని యైనట్లే.

ఆ మార్గమును ముందుగా తెలిసికొనవలెను. ఆకాశవాణి కేంద్రమునుండి వచ్చు విద్యుదయస్కాంత తరంగములను రేడియోలోని ఏరియల్ గ్రహించును. వానిలో కావలసిన కేంద్రపు తరంగములను ఒక భాగము ఏరుకొనును. వానినుండి ధ్వని సంకేతమును మరియొక భాగము విడదీయును. ఆ సంకేతము మిక్కిలి బలహీనమైనది. దానిని ఆంప్లిఫయర్ బలపరచి స్పీకరునకు పంపును. స్పీకరులో అయస్కాంతము నడుమ సన్నని తీగచుట్ట యుండును. దానికి పలుచని శంకువు అతికింపబడి యుండును. చుట్టలో విద్యుత్తు మారుకొలది చుట్టయు, శంకువును ముందు వెనుకలకు కదలి గాలిని కంపింపజేయును. ఆ కంపనమే చెవికి ధ్వనిగా తోచును. టెలివిజన్, ఫోను మున్నగువానిలో తొలిభాగములు వేరైనను, ఆంప్లిఫయరు, స్పీకరు అను కడపటి రెండును వానిలోనూ ఉండును.

ధ్వని లేకపోవుట వినోదభంగము మాత్రమే కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. పెనుతుపాను వేళ విద్యుత్తు నిలిచిపోవుట, తీగలు తెగుట సాధారణము. ఫోనులు సైతము పనిచేయకపోవచ్చును. అట్టి రాత్రి బ్యాటరీలతో పలుకు చిన్న రేడియోయే ఇంటికి హెచ్చరికను తెచ్చు సాధనము కావచ్చును. కనుక దానిని పరీక్షించు విధానము ప్రతి గృహస్థునకు తెలిసియుండుట మేలు.

పరీక్షకు ముందు వాల్యూమును తగ్గించి ఉంచవలెను. ధ్వని హఠాత్తుగా తిరిగివచ్చినచో పెద్ద మ్రోత చెవులకు హాని చేయును. పిదప మొదట చూడవలసినది విద్యుత్తు. సాకెట్టులో మరియొక దీపము వెలుగుచున్నదా? బ్యాటరీలు సరియైన దిశలో ఉన్నవా? వాని కొనలు తాకు లోహపు రేకులు తుప్పుపట్టి యున్నచో విద్యుత్తు ప్రవహింపదు. బలము తగ్గిన బ్యాటరీలు ఒక్కసారిగా మానవు. మొదట ధ్వని సన్నగిల్లి, వికృతమై, పిదప ఆగిపోవును. పాత బ్యాటరీలతో క్రొత్తవానిని కలుపరాదు.

రెండవది, యంత్రమునకు ఇచ్చిన ఆజ్ఞ. పెక్కుమార్లు చెడిపోయినదని తలచిన యంత్రము చెప్పినట్లే చేయుచుండును. టెలివిజనులో మ్యూట్ మీట నొక్కబడి యుండవచ్చును. ఫోనులోని పాట బ్లూటూత్ మూలమున ప్రక్కగదిలోని స్పీకరులో వినబడుచుండవచ్చును. కొన్ని రేడియోలలో ఇయర్‌ఫోను గుచ్చినంతనే స్పీకరునకు పోవు దారి మూసికొనును; ఇయర్‌ఫోను తీసినను లోపలి మీట బిగుసుకొనినచో ఆ దారి తెరచుకొనదు.

మూడవది, సంకేతము. రేడియోలో మాటలు లేక బుసబుసమను మ్రోత మాత్రమే వినవచ్చినచో, ఆంప్లిఫయరు, స్పీకరు పనిచేయుచున్నవని గ్రహింపవలెను. లోపము వాని ముందరి భాగములో నున్నది. లేదా సంకేతమే చాలదు. మీడియం వేవ్ కేంద్రములను పట్టు ఏరియల్ సాధారణముగా రేడియో లోపలనే యుండును. అది ఒక దిశనుండి వచ్చు తరంగములను అధికముగా గ్రహించును గనుక రేడియోను మెల్లగా త్రిప్పి చూడవలెను. ఎఫ్.ఎం. కేంద్రములకైనచో బయటి కడ్డీని పూర్తిగా సాచవలెను.

నాలుగవది, స్పీకరు. ఇయర్‌ఫోనులో ధ్వని వినబడి స్పీకరులో వినబడకున్నచో లోపము ఆ చివర నున్నదని తేలును. రెండు విడి స్పీకర్లున్నచోట ఒకటి మూగవోయినచో, యంత్రమును ఆపి, రెండింటి స్థానములను మార్చవలెను. మౌనము స్పీకరుతో కూడ తరలినచో తప్పు స్పీకరుది. అదే ప్రక్కన నిలిచియున్నచో తప్పు తీగదియో, ఆంప్లిఫయరుదియో యగును. ఇట్లు పరీక్షించునప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవానికి ఏది ఫలించినదో తెలియదు.

ఇంటివారి పరీక్షకు ఇచ్చట హద్దు కలదు. ఇంటి విద్యుత్తుతో నడచు యంత్రముల మూత తీయరాదు. ప్లగ్గు పీకిన పిదపను లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతకాలము నిలువయుండవచ్చును. పాత వాల్వు రేడియోలయందును, పిక్చర్ ట్యూబు గల టెలివిజన్లయందును ఈ భయము మరింత అధికము. కాలిన వాసన వచ్చినను, పొగ కనబడినను వెంటనే స్విచ్చి ఆపి మెకానిక్కునకు అప్పగింపవలెను. "పలుకుట లేదు" అని మాత్రమే చెప్పువానికన్న "ఇయర్‌ఫోనులో పలుకుచున్నది, స్పీకరులో పలుకుట లేదు" అని చెప్పువాని యంత్రము త్వరగా బాగగును.

బంగాళాఖాతములో తుపానులు తరచుగా చెలరేగునది అక్టోబరు, నవంబరు నెలలలో. ఆ నెలలకు ముందే ఒకమారు క్రొత్త బ్యాటరీలు వేసి రేడియోను పలికించి చూచి, పిదప వానిని తీసి పొడిచోట ప్రక్కనే భద్రపరచుట తీరవాసులకు శ్రేయస్కరము. ఆ పరీక్షకు పట్టునది కొద్ది నిమిషములే.