మీకు తెలుసా? గోల్డ్‌ఫిష్‌కూ చెరువు పేనే!

చేపల పరిశోధన కేంద్రం ఉన్న ఉండి గ్రామం చుట్టుపక్కల బొచ్చె, శీలావతి చేపలు పెంచే రైతులను సతాయించే ఆర్గులస్ అనే చేప పేను, మీ ఇంటి అక్వేరియంలో గోల్డ్‌ఫిష్‌నూ వదలదు. గోల్డ్‌ఫిష్ కూడా ఆ చేపల్లాగే కార్పు కుటుంబానిదే మరి! చేప గాజుకో రాయికో ఒళ్లు రుద్దుకుంటోందా? రెక్కల మొదట్లో చూడండి. కొన్ని మిల్లీమీటర్ల పారదర్శకమైన బిళ్ల, రెండు నల్లటి కళ్లు కనిపిస్తే అదే పేను. పట్టకారుతో లాగేస్తే పని అయిపోదు. ఆడపేను చేపను వదిలొచ్చి గాజు మీద, రాళ్ల మీద వరసగా గుడ్లు పెడుతుంది. అందుకే చెరువుల్లో వెదురు గడలు పాతి, గుడ్లు పట్టాక తీసి ఎండబెడతారు. మీరూ తొట్టెలోని రాళ్లూ బొమ్మలూ ఎండలో పడేయండి, గాజు గీకండి. కొత్త చేపను రెండు మూడు వారాలు విడిగా ఉంచితే అసలీ తంటాయే తక్కువ. అంత ఓపిక ఎందరికని!