భిలాయిలో అత్యవసర ఆహారం: వారం రోజులు దుకాణాలు మూతపడితే ఇంట్లో ఏమేం ఉండాలి?

2025 మే 7న దేశవ్యాప్తంగా జరిగిన పౌర రక్షణ మాక్ డ్రిల్‌కు కేంద్ర హోం శాఖ 244 జిల్లాలను గుర్తించింది. ఆ జాబితాలో ఛత్తీస్‌గఢ్ నుంచి ఉన్న పేరు ఒక్కటే: దుర్గ్ (భిలాయి). దేశంలోని పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి ఇక్కడే ఉంది.

సైరన్ మోగగానే ఏం చేయాలో డ్రిల్‌లో చూపించారు. ఆ తర్వాత కొన్ని రోజులు కిరాణా కొట్టు తెరవకపోతే ఏం తినాలన్నది మాత్రం ఎవరింటి లెక్క వారే వేసుకోవాలి.

యుద్ధమే రానక్కర్లేదు

2020 మార్చి 24న రాత్రి 8 గంటలకు ప్రకటించిన లాక్‌డౌన్ అదే అర్ధరాత్రి అమల్లోకి వచ్చింది. మధ్యలో ఉన్న సమయం నాలుగు గంటలే. 2021 ఏప్రిల్ 6 నుంచి దుర్గ్ జిల్లాలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లలో చిక్కుకున్న వారికి డ్రోన్లు, హెలికాప్టర్లతో ఆహార పొట్లాలు పంపాల్సి వచ్చింది. సాయం అందేలోపు గడిచే ఆ మొదటి రెండు మూడు రోజుల కోసమే ఇంట్లో నిల్వ.

ఎంత ఉంచుకోవాలి?

విపత్తు ప్రాంతాల్లో సహాయ సంస్థలు మనిషికి రోజుకు 2,100 కేలరీల లెక్కన ఆహారం ఇస్తాయి. అందులో ప్రధాన భాగం సుమారు 400 గ్రాముల బియ్యం లేదా గోధుమలు, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె.

నలుగురున్న ఇంటికి వారానికి ఇది ఇలా తేలుతుంది:

• బియ్యం లేదా గోధుమపిండి: 11 కిలోలు
• పప్పు: 1.7 కిలోలు
• నూనె: 700 గ్రాములు
• తాగడానికి, వంటకు నీళ్లు: మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు 48 లీటర్లు

పసిపిల్లల పాలపొడి, షుగర్, బీపీ మాత్రలు వీటికి అదనం.

గ్యాస్, కరెంటు లేకపోతే?

ఇండక్షన్ పొయ్యి మీదే ఆధారపడిన ఇంట్లో బియ్యం బస్తా ఉన్నా అన్నం ఉడకదు. అందుకే రెండు రోజులకు సరిపడా పొయ్యి అవసరం లేని తిండి విడిగా ఉంచుకోవాలి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, పల్లీలు, బెల్లం, ఖర్జూరం ఇందుకు పనికొస్తాయి. భిలాయిలో బిహారీ కుటుంబాలు వాడే సత్తు ఇంకా మేలు. వేయించిన శనగల పిండి కాబట్టి నీళ్లలో కలుపుకుని తాగేయొచ్చు.

వీటిని అటక మీద పెట్టి మరిచిపోకూడదు. పాతది ముందు వాడి, కొత్తది వెనక పెట్టాలి. ఎండాకాలం వేడికి నూనె, పల్లీలు త్వరగా కంపు కొడతాయి. వానాకాలం తేమకు బియ్యంలో పురుగు చేరుతుంది. బాగా ఆరబోసి, తడి లేని డబ్బాల్లో గట్టిగా మూతపెట్టాలి.

ఇది దాచిపెట్టడం కాదా?

ఎప్పుడు కొంటున్నామన్నదే తేడా. 2025 మేలో సరుకుల కొరత వస్తుందన్న వదంతులు పాకినప్పుడు, నిల్వలు కావాల్సినన్ని ఉన్నాయని కేంద్ర ఆహార మంత్రి ప్రహ్లాద్ జోషి ప్రకటించాల్సి వచ్చింది. వదంతి విని పరుగెత్తి కొంటే ధర పెరుగుతుంది, పక్కింటివారికి సరుకు మిగలదు. మామూలు రోజుల్లో నెల సరుకులతో పాటు అర కిలో చొప్పున ఎక్కువ తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు.

కొనలేని వారి సంగతి?

ఛత్తీస్‌గఢ్‌లో ప్రాధాన్య రేషన్ కార్డున్న ముగ్గురి నుంచి ఐదుగురి కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం వస్తాయి. పై లెక్క ప్రకారం నలుగురికి అవి 22 రోజులకు సరిపోతాయి. నెలాఖరులో ఉపద్రవం వస్తే కూలి పనుల మీద బతికే ఇంట్లో డబ్బా అప్పటికే ఖాళీ.

దీనికి ప్రభుత్వం చేయగలిగిన పని ఒకటుంది. 2025 వానాకాలానికి ముందు మూడు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు. దాంతో పేద ఇళ్లలోనూ నిల్వ చేరింది. కాకపోతే 35 కిలోల కార్డుకు అది 105 కిలోలవుతుంది. ఒక్క గది ఇంట్లో అన్ని బియ్యం తడవకుండా, పురుగు పట్టకుండా కాపాడుకోవడం కష్టం. ముందస్తు రేషన్‌తో పాటు మూత ఉన్న ఒక డబ్బా కూడా ఇస్తే ఆ బియ్యం అవసరం వచ్చేదాకా తినేలా ఉంటాయి.