ఆషాఢం మబ్బు, పసిపిల్లల ఒళ్లు: సన్‌స్క్రీన్ గురించి మీకు తెలుసా?

హైదరాబాద్ లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు ఆషాఢంలో ఒక ఆదివారం జరుగుతాయి. 2024లో జులై 28న వచ్చాయి, 2025లో జులై 20న. వానాకాలం కదా, ఎండ గోల మే నెలతోనే పోయిందనుకుంటాం. ఎండాకాలంలో నెత్తిన తువ్వాలు కప్పనిదే పిల్లల్ని గడప దాటనివ్వని తల్లులు కూడా బోనాల నాడు మూడేళ్ల పిల్లను ఉత్త నెత్తితోనే గంటల తరబడి క్యూలో ఉంచుతారు. పిల్లల సన్‌స్క్రీన్ గురించి మాట్లాడాలంటే మే నెల కన్నా బోనాల రోజే సరైనది.

జులై ఎండ మే ఎండకు తీసిపోదని మీకు తెలుసా?

హైదరాబాద్‌లో ఏటా రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఒకటి మే 9 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో. బోనాలు ఎక్కువ ఏళ్లు ఈ రెండు తేదీల మధ్యే వస్తాయి. 2025 బోనాల నాడు పన్నెండు ఇరవై దాటాక సూర్యుడు నడినెత్తికి మూడు డిగ్రీల దూరంలోనే ఉన్నాడు. చల్లబడేది గాలి మాత్రమే. చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలకు వేడితో పని లేదు, ఒంటికి తగిలినట్టు కూడా తెలియదు. పల్చటి మబ్బు ఉన్నా వాటిలో 80 శాతం వరకు కిందికి దిగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముసురు పట్టి చీకటి చేస్తే వేరే మాట. మబ్బు మూస్తూ విడుస్తూ ఉండే రోజుతోనే జాగ్రత్తగా ఉండాలి.

ఎండ బలం చూడటానికి ఫోన్ కూడా అక్కర్లేదు. పిల్లను నిలబెట్టి నీడ చూడండి. నీడ పిల్ల కంటే పొట్టిగా ఉంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టే. జులైలో మన ఊళ్లో ఈ పరిస్థితి ఉదయం సుమారు తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఉంటుంది. బోనం ఎత్తుకుని జనం బారులు తీరే సమయమూ అదే.

ఆరు నెలల లోపు పాపకు సన్‌స్క్రీన్ రాయకూడదని తెలుసా?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అక్కడి తల్లిదండ్రులకు చెప్పే మాట ఇదే. పసికందు చర్మం పల్చన. పైగా ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ. కాబట్టి రాసినదాంట్లో ఒంట్లోకి ఇంకే పాలూ ఎక్కువే. ఆ వయసులో నీడ, పూర్తి చేతుల చొక్కా, టోపీ చాలు. నా మట్టుకు, అంత చిన్న బిడ్డను మధ్యాహ్నం క్యూలోకి తీసుకురాకపోవడమే మేలు. అమ్మవారి దర్శనం పొద్దున్నే చేయించవచ్చు, చల్లబడ్డాక సాయంత్రమైనా చేయించవచ్చు.

ట్యూబు మీద ఏనుగు పిల్ల బొమ్మకు అర్థమేమీ లేదు, వెనక చిన్న అక్షరాలకే ఉంది

ఆరు నెలలు దాటిన పిల్లలకు ఏది కొనాలి? మెడికల్ షాపులో ట్యూబు తిప్పి పదార్థాల జాబితా చదవండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, ఈ రెండిట్లో ఒకటైనా, రెండూ కలిసైనా ఉండి, ఎండను ఆపే రసాయనాలు వేరే ఏవీ లేనిదే పిల్లలకు మొదటి ఎంపిక. ఇవి ఖనిజ పొడులు. చర్మం పైపొరలోనే ఉండిపోతాయి.

2019లో ఎఫ్‌డీఏ అక్కడ అమ్మే 16 రకాల పదార్థాలను సమీక్షించి, సురక్షితమని చెప్పడానికి సరిపడా ఆధారాలు ఈ రెండింటికే ఉన్నాయని ప్రతిపాదించింది. రెండింటిని వద్దంది. మిగతా 12 గురించి ఇంకా సమాచారం కావాలంది. అదే ఏడాది ఆ సంస్థ పరిశోధకులే పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో ఆక్సీబెంజోన్, అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటివి రక్తంలోకి చేరుతున్నాయని తేలింది. రక్తంలో కనిపించినంత మాత్రాన హాని అని కాదు, సన్‌స్క్రీన్ మానొద్దని కూడా వాళ్లే చెప్పారు. అయినా మంచి ప్రత్యామ్నాయం చేతిలో ఉండగా చిన్నపిల్లల మీద ఆ సందేహం ఎందుకు? ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఆక్సీబెంజోన్ చాలా ట్యూబుల మీద బెంజోఫినోన్-3 అనే పేరుతో ఉంటుంది.

జింక్ ఆక్సైడ్ మనకు కొత్తదేం కాదు. చెమటకాయలకు రాసే గులాబీ రంగు క్యాలమైన్‌లో ఉన్నది అదే. డైపర్ దద్దుర్లకు పూసే తెల్లటి క్రీములోనూ, క్రికెటర్ల పెదవుల మీది తెల్లటి పూతలోనూ అదే. ఆయుర్వేదం యశద భస్మం అన్నదీ ఇదే. అయితే డైపర్ క్రీమును సన్‌స్క్రీన్‌గా వాడొద్దు. ఎండను ఆపుతుందో లేదో దాన్ని పరీక్షించలేదు. ఖనిజ సన్‌స్క్రీన్ రాస్తే చామనఛాయ ముఖం మీద తెల్లగా బూడిద పూసినట్టు కనిపిస్తుంది. దానికి జంకి మానేయకండి, కనిపిస్తున్నంతసేపు ఎక్కడ రాశారో తెలుస్తుంది. రంగు తేల్చే, మెరిపించే క్రీములు కలిపిన సన్‌స్క్రీన్‌లూ దుకాణాల్లో ఉంటాయి. పిల్లల ఒంటి రంగు మార్చాల్సిన జబ్బు కాదు, అవి కొనకండి.

ఎస్‌పీఎఫ్ 50 అంటే 25 కన్నా రెట్టింపు కిరణాలను ఆపడం కాదని తెలుసా?

ఎస్‌పీఎఫ్ 15 చర్మం కమిలించే కిరణాల్లో సుమారు 93 శాతాన్ని ఆపుతుంది, 30 అయితే 97 శాతాన్ని, 50 అయితే 98 శాతాన్ని. పిల్లలకు 30 నుంచి 50 మధ్యది చాలు, 100 కోసం వెతకనక్కర్లేదు. దాంతో పాటు ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అన్న మాటైనా, పీఏ పక్కన మూడు ప్లస్‌లైనా ఉండాలి. లోతుకు దిగే యూవీఏ కిరణాల సంగతి ఎస్‌పీఎఫ్ అంకె చెప్పదు. పీఏ గుర్తు జపాన్ నుంచి వచ్చింది, మన దగ్గరి ట్యూబుల మీదా కనిపిస్తుంది.

అంకెను గుడ్డిగా నమ్మనూ కూడదు. 2025లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ చాయిస్ 20 సన్‌స్క్రీన్‌లను పరీక్షిస్తే 16 తమ మీద అచ్చేసుకున్న ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేదు. పైగా ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పట్టిస్తారు. మనం రాసేది చాలాసార్లు అందులో సగం కూడా ఉండదు. బఠాణీ గింజంత తీసి ముఖం, మెడ, చేతులు అన్నిటికీ సరిపెడితే అంకె ఎంతున్నా లాభం లేదు. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం మరిచిపోతాం. నాన్న భుజం మీద కూర్చుని ఘటం ఊరేగింపు చూసే పిల్లకు ముందుగా కమిలేది మెడ వెనకే.

పసుపు, కొబ్బరి నూనె?

2010లో రాయ్‌పూర్ పరిశోధకులు ప్రచురించిన ల్యాబ్ పరీక్షలో కొబ్బరి నూనెకు వచ్చిన ఎస్‌పీఎఫ్ ఏడు దగ్గర. ఒంటికి మంచిదే, ఎండకు చాలదు. బోనాల్లో పోతురాజు వేషం కట్టే పిల్లల ఒంటి పసుపు కూడా అంతే. చీర మీది పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఎండకు తానే విరిగిపోయే రంగు ఒంటిని ఎంతసేపు కాస్తుంది?

నల్లటి ఒంటికి ఎండ ఏం చేస్తుంది?

ఈ మాటలో కొంత నిజముంది. 1979లో అమెరికాలో ఒక పరిశోధన నల్లజాతివారి పైచర్మానికి ఎస్‌పీఎఫ్ 13 దాకా, తెల్లవారి చర్మానికి 3 దాకా సహజ రక్షణ ఉందని లెక్కగట్టింది. మన పిల్లలు ఆ మధ్యలో ఉంటారు. కాబట్టి ఇంటి ముందు పావుగంట ఆటకు సన్‌స్క్రీన్ అక్కర్లేదు. ఆ కాస్త ఎండ విటమిన్ డికి అవసరం కూడా. గంటల తరబడి ఆరుబయట ఉండేటప్పుడు కావాలి. పుట్టుకతో ఒంట్లో రంగు తయారుకాని పిల్లలకు, బొల్లి మచ్చలున్నవారికి మాత్రం ఎప్పుడూ కావాలి.

స్ప్రే రకం కొనకండి, జనంలో పిల్లల ముక్కులోకి, నోట్లోకి పోతుంది. దోమల మందు కలిపిన సన్‌స్క్రీన్ కూడా వద్దు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, చెమట పట్టాక మళ్లీ రాయాలి, దోమల మందు అన్నిసార్లు రాయకూడదు. విడివిడిగా కొని ముందు సన్‌స్క్రీన్, దాని మీద దోమల మందు రాయండి.

ఇదంతా టోపీ, చొక్కా తర్వాతే. పల్చటి తెల్ల నూలు చొక్కా వానకు తడిస్తే కిరణాలను ఇంకా ఎక్కువ లోపలికి పంపుతుంది, మార్చేయండి. అంచు వెడల్పున్న టోపీ కళ్లకూ రక్ష.

కొత్త ట్యూబు కొంటే బోనాల ముందు రోజు శనివారమే మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఒక రోజు చూడండి. దద్దుర్లు లేచినా, ఎర్రబడినా కడిగేసి పిల్లల డాక్టరుకు ఆ ట్యూబే తీసుకెళ్లి చూపించండి. గడువు తేదీ, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు అచ్చు కాని సరుకును, ఫుట్‌పాత్ మీద ఎంత చవకగా ఇచ్చినా, పిల్లల ఒంటికి తగలనివ్వకండి.