లా సీటు వచ్చిన నూజెండ్ల పిల్లలకు: అపోహలు – వాస్తవాలు

నూజెండ్ల, వినుకొండ పల్లెల్లో ఇంటర్ అయినవాళ్లు ఐదేళ్ల లాకి, డిగ్రీ అయినవాళ్లు మూడేళ్ల లాకి లాసెట్ రాస్తుంటారు. సీటు వచ్చిందని ఊళ్లో తెలియగానే సలహాలు మొదలవుతాయి. వాటిలో కొన్ని పిల్లల్ని భయపెడతాయి, కొన్ని ఎప్పుడో పాతబడిపోయినవి.

అపోహ: ఇంగ్లిష్ రానివాళ్లకు లా ఎందుకు?

ఎక్కువమందిని వెనక్కి లాగేది ఈ మాటే. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో వ్యవహారం ఇంగ్లిష్‌లోనే. కాబట్టి ఇంగ్లిష్ నేర్చుకోక తప్పదు. అయితే నేర్చుకోవడానికి మూడేళ్లో ఐదేళ్లో చేతిలో ఉన్నాయి. లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, ప్రాక్టీసుకు అవసరమైన అఖిల భారత బార్ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు.

అసలు కేసు పుట్టేదే తెలుగులో. దస్తావేజు, అడంగల్, పెద్దమనుషుల ముందు రాసుకున్న పంపకాల కాగితం, సాక్షి చెప్పే మాట, అన్నీ తెలుగే. ‘తూర్పున డొంక, పడమర ఫలానావారి చేను’ అన్న హద్దుల వివరం చదవగానే పల్లె పిల్లకు పొలం కళ్లకు కడుతుంది. పట్నంలో పెరిగిన విద్యార్థి అది కష్టపడి నేర్చుకోవాలి. భూమి తగాదాలే ఎక్కువగా వచ్చే మన కోర్టుల్లో ఇది చాలా పెద్ద బలమని నా నమ్మకం. 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ ఎన్.వి.రమణ కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టారు. లా చదివింది మన నాగార్జున విశ్వవిద్యాలయంలోనే.

రోజుకో సెక్షన్ ఇంగ్లిష్‌లో చదివి, దాన్ని తెలుగులో ఇంట్లోవాళ్లకు చెప్పండి. వాళ్లకు అర్థమైతే మీకూ అర్థమైనట్టే.

అపోహ: సీనియర్ల పాత పుస్తకాలు చాలు.

రాజ్యాంగం, కాంట్రాక్టు చట్టం వరకు పాత పుస్తకంతో కొంత నెట్టుకురావచ్చు. క్రిమినల్ చట్టాలకు మాత్రం కుదరదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో సాక్ష్య అధినియమ్ వచ్చాయి. సినిమాల్లో వినే 302 ఇప్పుడు 103, మోసానికి వాడే 420 ఇప్పుడు 318. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది గనుక పాతదాన్ని పారేయకండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

అపోహ: పుస్తకాలకు వేలు పోయాలి.

కేంద్ర చట్టాల పూర్తి పాఠాలు ‘ఇండియా కోడ్’ వెబ్‌సైట్‌లో ఉచితం. సుప్రీంకోర్టు తీర్పులు ‘ఈ-ఎస్‌సీఆర్’లో ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. గైడ్ల మీద డబ్బు పెట్టేముందు బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టం పాఠాలు) కొనుక్కోండి. బార్ పరీక్షలోకి తీసుకెళ్లనిచ్చేది కూడా నోట్సులు లేని బేర్ యాక్టులనే.

అపోహ: ఇంటర్న్‌షిప్‌కు హైదరాబాద్ వెళ్లాల్సిందే.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు చేయాలి. అందులో ట్రయల్ కోర్టు న్యాయవాది దగ్గర గడిపే కాలమూ లెక్కకొస్తుంది. వినుకొండలోనో నరసరావుపేటలోనో ఒక మంచి సీనియర్‌ను అడగండి. ఫైలు కట్టడం, వాయిదా రాసుకోవడం, క్రాస్ ఎగ్జామినేషన్ వినడం మొదటి ఏడాది విద్యార్థికి ఇక్కడే బాగా పట్టుబడతాయి. న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

అపోహ: కాలేజీకి వెళ్లకపోయినా పరీక్షలు రాస్తే సరి.

2008 బార్ కౌన్సిల్ నిబంధనలు 70 శాతం హాజరు అడుగుతాయి. దూరవిద్యలో చదివిన లా డిగ్రీతో న్యాయవాదిగా నమోదు కాలేరు.

అపోహ: పట్టా చేతికొస్తే లాయరే, పరీక్ష రాస్తే జడ్జే.

పట్టా వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదవ్వాలి. ఆ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125, స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. అంతకు మించి వసూలు చేయకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. బార్ పరీక్ష కూడా గట్టెక్కాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న అదే కోర్టు చెప్పింది. ఆ మూడేళ్లు బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు జరిగిన తేదీ నుంచే లెక్క, కాబట్టి ఫలితాలు రాగానే నమోదుకు దరఖాస్తు పెట్టండి.