మీకు తెలుసా? వాషింగ్టన్ పక్కనే 93 వేల ఎకరాల సాగు నేల

అమెరికా రాజధాని వాషింగ్టన్‌ను ఆనుకుని మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న మాంట్‌గోమరీ కౌంటీ జనాభా 2020 లెక్కల్లోనే 10 లక్షలు దాటింది. అయినా దాని నేలలో దాదాపు మూడో వంతు, అంటే సుమారు 93 వేల ఎకరాలు, సాగుకే కేటాయించి ఉంది. ఇది రియల్ ఎస్టేట్ కన్ను పడక మిగిలిన భూమి కాదు, పట్టుబట్టి కాపాడుకున్నది. ఆ ప్రాంతంలో 25 ఎకరాలకు ఒక ఇల్లు మించకూడదని 1980లో కౌంటీ నిబంధన పెట్టింది. మరి రైతు నష్టపోడా? ఆ ప్రశ్న అప్పుడే వచ్చింది. అందుకే ఇళ్లు కట్టే హక్కును భూమి నుంచి విడదీసి, అయిదెకరాలకు ఒకటి చొప్పున అమ్ముకోనిచ్చారు. బిల్డర్ ఆ హక్కు కొని, కౌంటీ చూపిన వేరే చోట అదనంగా ఇళ్లు కట్టుకుంటాడు, పొలం రైతుదే. హైదరాబాద్‌లో రోడ్డు విస్తరణలో స్థలం పోయినవారికి ఇచ్చే టీడీఆర్ (బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు) కూడా ఈ కోవదే, లక్ష్యమే వేరు.

భూమిని ఇలా కట్టడి చేస్తే ఇళ్ల ధరలు పెరగవా అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కౌంటీలో ఇల్లు కొనడం నిజంగానే ఖరీదు. కానీ కౌంటీలోనే ఉన్న బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల వంటి పెద్ద ఉపాధి కేంద్రాలు, రాజధాని సామీప్యం కూడా గిరాకీ పెంచేవే; నేరమంతా పొలాలదే అనలేం. పైగా పెద్ద హౌసింగ్ ప్రాజెక్టుల్లో కొన్ని ఇళ్లను తక్కువ ఆదాయం వారికి అందుబాటు ధరలో ఇవ్వాలన్న చట్టం అక్కడ 1974లోనే వచ్చింది.